కరెంటును నమ్ముకోకుండా కట్టిన చర్చి, 200 యూనిట్లు దాటని మా పెద్దమ్మ

మెదక్ నుంచి నేను. ఈరోజు ఎపిసోడ్ కొంచెం పెద్దగా ఉంటది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

పోయిన నెల ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "అరే, బిల్లు కొట్టి ఇరవై నాలుగు దినాలైంది. 168 యూనిట్లు కాలింది. ఇంకో ఆరు దినాలకు 32 మిగిలినయ్. కూలరు ఎయ్యాల్నా వద్దా?" అని అడిగింది. నేను లెక్క చూసి, రోజుకు ఐదు యూనిట్ల లోపు ఉంటే ఏం కాదు పెద్దమ్మా, వేసుకో అన్నాను. "అయితే పగలు బంద్, రాత్రి ఎస్తా" అని పెట్టేసింది.

ఆమె దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటది. రోజూ పొద్దుగూకినంక మీటరు దగ్గరికి పోయి అంకె రాసుకుంటది. నిన్నటి అంకె తీసేస్తది. ఎక్కువ వస్తే, ఆరోజు ఏం చేశాం అని గుర్తు చేసుకుంటది. మోటరు ఎక్కువసేపు వేశామా, ఇస్త్రీ చేశామా, ఫ్రిజ్ డోర్ సరిగ్గా పడలేదా. ఎందుకంటే 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. 201 అయిందనుకోండి, ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికి కట్టాలి. ఆ గీత మా పెద్దమ్మను ఎనర్జీ మేనేజర్ని చేసింది. కంపెనీలు పెద్ద పెద్ద కన్సల్టెంట్లకు డబ్బులిచ్చి చేయించుకునే పని కూడా ఇదే. కొలువు, రాయి, నిన్నటితో పోల్చు, తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకో. సాఫ్ట్‌వేర్‌లో నేను నాలుగేళ్ళు డ్యాష్‌బోర్డులు చేశాను. ఆ నోట్‌బుక్ అంత పనికొచ్చే డ్యాష్‌బోర్డు ఒక్కటి కూడా చేయలేదు, ఒప్పుకుంటున్నా.

ఇక అసలు మ్యాటర్. బిల్డింగుల్లో కరెంటు వాడకం తగ్గించడం అనేది ఏదో కొత్త ఫారిన్ ఐడియా లాగా మాట్లాడుతుంటారు. దాని చరిత్ర మన దగ్గర చాలా ఉంది. అందులో మొదటి బిల్డింగు మా ఇంటి మిద్దె మీద నుంచి కనిపిస్తది.

మెదక్ చర్చి. 1914లో మొదలుపెట్టారు, 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. అంటే 2024 క్రిస్మస్‌కు వందేళ్ళు నిండాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించాడు. కరువు కాలంలో జనాలకు పని ఇచ్చి, తిండి పెట్టి కట్టించాడని మా ఊళ్ళో ఏ ముసలాయన్ని అడిగినా చెప్తాడు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గోపురం 175 అడుగులు. చార్మినార్ కంటే ఎత్తు కదా అని నిజాం గారు అడిగారనే కథ మీరు వినే ఉంటారు. ఆ కథ జోలికి ఇవాళ పోవట్లేదు.

నేను చెప్పేది లోపలి సంగతి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, బయట చెప్పుల్లోంచి కూడా కాళ్ళు కాలుతున్నప్పుడు, లోపలికి పోయి కూర్చోండి. ఏసీ లేదు. అయినా ఊపిరి ఆడుతది. కారణం మంత్రం కాదు. గోడలు మందపాటి రాయి. రాయి వేడెక్కడానికి చాలా టైం పడుతుంది. పొద్దటి ఎండ లోపలి వైపుకు చేరేసరికి సాయంత్రం అయిపోతుంది, అప్పటికి బయట చల్లబడటం మొదలైతది. పైకప్పు చాలా ఎత్తు, వేడి గాలి పైకి పోయి అక్కడే ఉంటది, మనం కింద కూర్చుంటాం. ఈ ప్లాన్ గీసినప్పుడు ఫ్యాను, ఏసీ లెక్కలో లేవు. ఐదు వేల మంది పట్టే హాలు కట్టాలి, లోపల మనిషి స్పృహ తప్పి పడిపోకూడదు. అంతే కండిషన్.

ఇంకోటి, అద్దాల కిటికీలు. లండన్‌లో ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. మొదటిది 1927లో పెట్టారు, తర్వాత 1947, 1958. మా ఊరి పిల్లలందరికీ తెలిసిన విషయం ఏందంటే, అవి పగలే కనిపిస్తాయి. ఎండ బయటి నుంచి పడాలి. లోపల ఎన్ని బుగ్గలు వేసినా ఆ బొమ్మ రాదు, నల్లగా ఉంటది. చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకుపోతే, మా సార్ "పొద్దుగూకక ముందే చూడుండ్రి, తర్వాత బంద్" అనేవాడు, అదేదో దుకాణం అయినట్టు.

చర్చి పెద్ద బిల్డింగు కాబట్టి పేరొచ్చింది. మామూలు ఇళ్ళు కూడా అప్పుడు అంతే. మా తాతల నాటి భవంతి ఇళ్ళు చూడండి. మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ అర్రలు, డంగుసున్నం గోడలు, పైన గూనపెంకులు. పగలు వెలుగు వాకిట్లోంచి వస్తది, వేడి అక్కడి నుంచే పోతది. ఆ కాలాన్ని మరీ పొగడకండి కూడా. పెద్ద పెద్ద దొరల ఇళ్ళల్లో, ఆఫీసుల్లో చల్లదనం మనుషుల చేతుల మీద నడిచింది. దాన్ని పంకా అనేవాళ్ళు. పైకప్పుకు వేలాడే గుడ్డ చట్రానికి తాడు కట్టి, బయట వరండాలో ఒక మనిషి గంటల తరబడి లాగుతూ ఉండేవాడు. లోపల సాబుకు గాలి. ఆ మనిషికి ఎవరు గాలి వేశారో ఏ పుస్తకంలోనూ ఉండదు. కరెంటు ఆ తాడును తెంపింది. అందుకే ఎవరైనా "కరెంటు రాకముందే బాగుండేది" అంటే నేను ఒప్పుకోను.

హైదరాబాద్‌లో కరెంటు శాఖ 1910లో మొదలైంది. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే పవర్ స్టేషన్ పెట్టారు. చెరువు నీళ్ళు మిషన్లను చల్లబరచడానికి. ఇప్పుడు మీరు సినిమాకు పోయే ప్రసాద్స్, పక్కన ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్నాయి కదా, ఆ ఏరియానే. 1995లో కూలగొట్టేశారు. దాని మొత్తం కెపాసిటీ 22.5 మెగావాట్లు. 2025 మార్చిలో తెలంగాణ డిమాండ్ ఒక రోజు 17,000 మెగావాట్లు దాటింది. అంటే అలాంటివి సుమారు 750 పవర్ స్టేషన్లు ఒకేసారి నడిస్తే ఆరోజు గడిచింది. అందులో వ్యవసాయం మోటార్లు చాలా పెద్ద భాగం, ఫ్యాక్టరీలు ఉన్నాయి. మన బిల్డింగులు కూడా ఉన్నాయి. ఎండలు ముదిరితే బిల్డింగుల వాటానే ఎగిరి దూకుతది.

ఆ ఇరవైల నుంచి ఈ ఇరవైలకు మధ్యలో ఏమైంది? సిమెంటు స్లాబు వచ్చింది. చవక, గట్టి, పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. తప్పు పట్టలేం, గూనపెంకులు ప్రతి వానకాలం సర్దలేక చచ్చినవాళ్ళకు స్లాబు విలువ తెలుసు. కానీ నాలుగైదు అంగుళాల స్లాబు రోజంతా ఎండ తాగి, సరిగ్గా మనం పడుకునే టైంకి ఆ వేడిని కిందికి వదులుతది. సిటీలో ఏమో అద్దాల బిల్డింగులు వచ్చాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం అయినప్పటి నుంచి, ఆఫీసు అంటే అద్దం అనే లెక్క తయారైంది. చలి దేశాల్లో అద్దం ఎందుకు? ఎండను లోపలికి తెచ్చుకోవడానికి. మన దగ్గర ఎండను లోపలికి తెచ్చుకుని, దాన్ని బయటికి తోయడానికి మళ్ళీ ఏసీ. ఈ లాజిక్ నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కరెంటు మన దగ్గర ఎంత సీరియస్ విషయమో యాది చేస్తా. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపుకు వ్యతిరేకంగా ఊరేగింపు అసెంబ్లీ వైపు పోతుంటే బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. నేనప్పుడు చిన్న పిల్లాడిని, తెలియదు. కానీ మా బాపు ఇప్పటికీ కరెంటు బిల్లు చేతిలోకి తీసుకుంటే ఆ సంవత్సరం గుర్తు చేస్తాడు.

ఆ మరుసటి సంవత్సరమే ఢిల్లీలో ఇంధన పొదుపు చట్టం వచ్చింది, 2001 చట్టం. 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టారు. ఫ్రిజ్ మీద, ఏసీ మీద స్టార్ల స్టిక్కర్ ఉంటది కదా, అది వీళ్ళదే. 2006లో మొదలైంది. 2007లో పెద్ద కమర్షియల్ బిల్డింగుల కోసం ఒక కోడ్ రాశారు. గోడ ఎంత వేడి ఆపాలి, అద్దం ఎంత ఉండొచ్చు, లైట్లు ఎన్ని వాట్లు, ఇలాంటి లెక్కలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని 2014లో తన రూల్స్‌లోకి తీసుకుంది, తర్వాత తెలంగాణ కొనసాగించింది. అదే టైంలో, 2002లోనే, తిరుమలలో అన్నప్రసాదం వండటానికి 106 సోలార్ డిష్‌లు పెట్టి ఆవిరి తయారుచేశారు. రోజుకు 15 వేల మందికి వంట. గుడి వంటశాల కూడా ఒక సంస్థే కదా, దానికీ డీజిల్ బిల్లు ఉంటది.

ఇప్పుడు నాకు ఇష్టమైన రెండు బిల్డింగులు.

ఒకటి కొత్తగూడ దగ్గర, బొటానికల్ గార్డెన్ వైపు ఉన్న సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జూలై 14న అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. 20 వేల చదరపు అడుగులు, పెద్దదేం కాదు. కానీ అమెరికా వాళ్ళు ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ అమెరికా బయట మొదట దీనికే వచ్చింది. సరే, అంత గొప్పగా లోపల ఏం పెట్టారో అని నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు ఆత్రంగా వెతికాను. ఏం దొరికిందో తెలుసా? మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. గాలి పోయే జాలీ గోడలు. పైన మట్టి పోసి పెంచిన గడ్డి. గాలిని పైనుంచి పట్టి, చల్లబరిచి కిందికి పంపే రెండు టవర్లు. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. మా తాత భవంతిని ఎవరో ఇంగ్లీషులో మళ్ళీ రాసినట్టు అనిపించింది. సోలార్ ప్యానెళ్ళు ఉన్నాయి, మంచి మిషన్లు ఉన్నాయి, కాదనను. కానీ మొదటి పని వేడిని లోపలికి రానివ్వకపోవడం. మిషన్ తర్వాత వస్తది.

రెండోది ఇంకా మజా. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక ఆఫీసు బిల్డింగు, 2011లో రెడీ అయింది. దాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలు చేశారు. ఒక సగంలో మామూలు పద్ధతి, చల్లటి గాలి ఊదే ఏసీ. అది కూడా నాసిరకం కాదు, బాగా ట్యూన్ చేసిన సిస్టమే. రెండో సగంలో స్లాబు లోపలే పైపులు వేసి చల్లటి నీళ్ళు తిప్పారు. స్లాబే చల్లగా అయి, గదిలో వేడిని పీల్చుకుంటుంది. ఒకే ఎండ, ఒకే డిజైన్ గోడలు, ఒకే రకం పని చేసే జనం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అర్థమైపోయి ఉంటది, ఇది ఏ/బీ టెస్ట్! యాప్‌లో బటన్ రంగు మార్చి చూస్తాం కదా, వీళ్ళు బిల్డింగుతో చేశారు.

రెండేళ్ళు కొలిచారు. నీళ్ళ సగం, గాలి సగం కంటే ఏసీ కరెంటు 34 శాతం తక్కువ తీసుకుంది. ఎందుకు? ఒక బకెట్ నీళ్ళు, అంతే సైజు గాలి తీసుకోండి. ఒక్క డిగ్రీ పెరగడానికి నీళ్ళు మూడు వేల రెట్లకు పైగా ఎక్కువ వేడిని మోస్తాయి. అదే వేడిని గాలితో బయటికి పంపాలంటే పెద్ద పెద్ద ఫ్యాన్లు రోజంతా తిరగాలి. నీళ్ళతో అయితే చిన్న పంపు చాలు. ఇంకా, పెద్ద స్లాబు మొత్తం పని చేస్తది కాబట్టి నీళ్ళు ఐసు లాగా చల్లగా ఉండక్కర్లేదు. ఆ ఫలితాలు 2014లో ఆష్రే జర్నల్‌లో వచ్చాయి, ప్రపంచంలో ఈ పని చేసే ఇంజనీర్లందరూ చదివే పత్రిక. మెదక్‌కు వంద కిలోమీటర్ల దూరంలో ఇంత పని జరిగితే, బీటెక్‌లో మాకు ఒక్క క్లాసులో కూడా ఎవరూ చెప్పలేదు.

నేను పని చేసిన ఆఫీసు సంగతి వేరు. పేరు చెప్పను. ఏసీ 18. ఆడపిల్లలు శాలువాలు తెచ్చుకునేవాళ్ళు, నేను ఏప్రిల్‌లో హుడీ వేసుకుని కూర్చునేవాడిని. రాత్రి ఎవరూ లేని ఫ్లోర్లలో కూడా లైట్లు. ఒకసారి ఫెసిలిటీస్‌కు టికెట్ పెట్టాను, సాయంత్రం ఎనిమిది తర్వాత మూడో ఫ్లోర్ ఏసీ బంద్ చేయొచ్చు కదా అని. రెండు వారాలకు క్లోజ్ అయింది. కారణం: సిస్టమ్ అనుకున్నట్టే పని చేస్తోంది. నిజమే, అదే సమస్య. అక్కడ బిల్లు కట్టేవాడు వేరు, రిమోట్ పట్టుకునేవాడు వేరు, చలికి వణికేవాడు వేరు. మా పెద్దమ్మ ఇంట్లో ఈ ముగ్గురూ ఆమెనే.

కొన్నిచోట్ల మాత్రం ఎవరి అలవాటూ మారకుండానే పని జరిగిపోయింది. ఎల్‌ఈడీ బుగ్గలు చూడండి. 2014లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ కొన్న రేటు ఒక్కోటి 310 రూపాయలు. కోట్లలో ఒకేసారి కొనడం మొదలుపెట్టేసరికి 2016కు అది 38కి పడిపోయింది. విశాఖలో 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వీధి దీపాలను పీకేస్తే, తిరిగి పెట్టేటప్పుడు ఊరంతా ఎల్‌ఈడీలే పెట్టారు, 90 వేలకు పైగా. అలాగే 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే రూమ్ ఏసీ ఏదైనా ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలి అనే రూల్. తర్వాత మీ ఇష్టం. డీఫాల్ట్ సెట్టింగ్ ఎంత పవర్‌ఫులో యాప్‌లు చేసేవాళ్ళకు తెలుసు, చాలామంది దాన్ని ముట్టుకోరు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో లెక్క.

ఇప్పుడు మా ఇంటికి వస్తా. ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో కూడా అదే.

మా బాపు రిటైర్డ్ టీచరు. పై అంతస్తు గదిలోనే పడుకుంటాడు, పుస్తకాలు అక్కడే ఉన్నాయని. పెన్షన్ ఉంది, మాకు జీరో బిల్లు రాదు. పోయిన మే నెలలో వరుసగా నాలుగు రాత్రులు ఆ గది చల్లబడలేదు. ఐదో రోజు పొద్దున మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. నేను హైదరాబాద్ నుంచి వచ్చి చూస్తే, గదిలో ఫ్యాను రెండు మీద ఉంది. ఐదు మీద పెడితే కరెంటు ఎక్కువ కాలుతదని. చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. ఎనర్జీ సేవింగ్ మీద వీడియోలు చేసేవాడి ఇంట్లో, సేవింగ్ పేరుతో మనిషి ఎండిపోతున్నాడు.

ఏసీ పెట్టిస్తా అన్నాను. "నాకెందుకురా, ఇన్నేండ్లు బతకలేదా" అన్నాడు. "బాపు, ఇన్నేండ్లు పెంకుటింట్ల బతికినవ్, స్లాబు కింద కాదు" అన్నాను. దానికి మాత్రం జవాబు చెప్పలేదు.

అప్పుడు స్లాబు పని ముందు పెట్టుకున్నాం. హైదరాబాద్‌లో దేవరకొండ బస్తీలో 2017లో పాతిక ఇళ్ళ పైకప్పుల మీద తెల్లటి పొర వేసి చూశారు, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనకండి, పైన చెప్పిన 6 శాతం లెక్క గుర్తుంచుకోండి. ఏసీ లేని బస్తీ ఇంట్లో అయితే పిల్లలు నిద్రపోతారా లేదా అనేది ఆ రెండు డిగ్రీల మీదే ఉంటది. ఆ అనుభవం మీదే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, దేశంలో మొదటి రాష్ట్రం. ప్రభుత్వ, కమర్షియల్ బిల్డింగులకు, 600 గజాలు దాటిన ప్లాట్లలో ఇళ్ళకు తప్పనిసరి. 2028-29 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు అని టార్గెట్. మా ఇల్లు 150 గజాలు, రూల్ మాకు రాదు. మెదక్‌లో చాలా ఇళ్ళకు రాదు. మా మిద్దె మీద నుంచి చూస్తే చర్చి గోపురం దాకా అన్నీ నల్లబడ్డ స్లాబులే.

నేను, మా తమ్ముడు ఒక ఆదివారం పొద్దున ఆరింటికే ఎక్కి, నాచు గీకి, పగుళ్ళు పూడ్చి, కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేశాం. చల్లటి ఇల్లు కావాలంటే ముందు నడుం నొప్పి రావాలి. మూడో రోజు సాయంత్రం స్టూలు ఎక్కి లోపలి నుంచి స్లాబుకు చెయ్యి పెట్టి చూశాను. ముందు అయితే ఆ టైంకి చెయ్యి ఆనేది కాదు. ఇప్పుడు గోరువెచ్చగా ఉంది. పాత ఫ్యాను తీసి బీఎల్‌డీసీ పెట్టాం. పాతది 75 వాట్లు, ఇది 30. రోజుకు ఇరవై గంటలు తిరిగితే పాతదానికి నెలకు 45 యూనిట్లు, దీనికి 18. ఈ లెక్క పేపర్ మీద రాసి ఇస్తేనే బాపు ఐదు మీద పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఏసీ కూడా పెట్టించాను. అవును, పెట్టించాను. పెయింట్ వేశాక ఇంక ఏసీ ఎందుకు అని మీరు అడగొచ్చు. పగలు బయట 44 ఉన్న రోజుల్లో, రాత్రిపూట, అరవై ఐదేళ్ళు దాటిన మనిషికి, తెల్ల పెయింట్ ఒక్కటే చాలదు. 26 మీద, ఫ్యాను కలిపి, కొన్ని గంటలు. కరెంటు వాడకం తగ్గించడం అంటే ఆ కొన్ని గంటలకు డబ్బులు మిగుల్చుకోవడం అని నేను ఆయనకు చెప్పిన. ఆయన రిమోట్‌ను దిండు కింద పెట్టుకుని, అర్ధరాత్రి లేచి ఆఫ్ చేస్తున్నాడని అమ్మ చెప్తుంది. దాని మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి.

పెద్దమ్మకు ఏసీ కుదరదు. గంటకు ఒక్క యూనిట్ అనుకున్నా, రాత్రికి 8 గంటలు, నెలకు 240. అక్కడితోనే 200 గీత పోయింది. ఆమె మా స్లాబు చూసి పోయింది. నిన్న ఫోన్ చేసి, "ఆ తెల్ల రంగు డబ్బా మిగిలిందా? సగం మిగిలినా తీసుకరా, గోడకు నిచ్చెన ఉంది" అన్నది. వచ్చే ఆదివారం పొద్దున అక్కడికే. బ్రష్షు పట్టగలిగేవాళ్ళు మెదక్‌లో ఎవరైనా ఉంటే రండి, చాయ్ పెద్దమ్మ పోస్తది. గ్యాస్ పొయ్యి మీదనే లెండి, కరెంటు స్టవ్ ఆమె ముట్టదు.

ఉంటా మరి.